గంజి పట్టే చెయ్యి

పన్నెండేళ్లు దాటినవాళ్లను ఇక్కడ చూడరు అని మా దవాఖాన తలుపు మీద తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించిన రోజున నకిరేకల్ అంగడి వీధిలో జనం గుంపుగా నిలబడి నవ్వారు. పెద్దవాళ్లను చూడని డాక్టరు ఎక్కడైనా ఉంటుందా అని ఒకరు, ఆడ డాక్టరంటే కాన్పులు చేయాలి గానీ పసిపిల్లలకు వేరే దవాఖాన ఎందుకని ఇంకొకరు. నేను గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుని అన్నీ విన్నాను. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. రెండో ప్రపంచ యుద్ధం మొదలై ఏడాదైనా కాలేదు. ఊరి పెద్ద వీధిలో చెప్పులు చేతిలో పట్టుకుని నడవాల్సిన వాడలో పుట్టి, మిషను బడిలో చదివి, మద్రాసు ఇలాకాలో నాలుగేళ్లు వైద్యం నేర్చుకుని ఎల్.ఎం.పి. పట్టా తెచ్చుకున్నదాన్ని. ఎవరో నవ్వారని తలుపు మూసుకునే అలవాటు నాకు లేదు.

అంతకుముందు ఐదేళ్లు ఒక మిషను దవాఖానలో పనిచేశాను. అక్కడ ఆడవాళ్లకు ఒక వార్డు, మగవాళ్లకు ఒక వార్డు ఉండేవి. పిల్లలకు మాత్రం చోటు లేదు. జ్వరంతో ఉన్న పిల్లను తల్లి మంచం కింద చాప మీద పడుకోబెట్టేవాళ్లం. తట్టు పోసిన పిల్ల పక్కనే విరేచనాల పిల్ల. దేనికోసం వచ్చారో అది తగ్గి, పక్క పిల్ల జబ్బు అంటుకుని పోయినవాళ్లను ఈ చేతులతో ఎత్తాను. ఆరు చిన్న మంచాలు, ఒక వేరే గది ఇమ్మని ఆ దవాఖాన నడిపే పెద్ద దొరసానిని అడిగాను. వచ్చే ఏడాది చూద్దామంది. వచ్చే ఏడాదీ అదే మాట. మూడోసారి అడిగితే, పసివాళ్లు దేవుడి సొత్తు, వాళ్ల సంగతి ఆయన చూసుకుంటాడు, నువ్వు తల్లులను చూడు అంది. ఆ సాయంత్రమే పని వదిలేస్తున్నానని కాగితం రాసిచ్చాను. దేవుడి మీద నాకు కోపం లేదు. ఆయన పేరు చెప్పి మంచాలు ఇవ్వకపోవడం మీద కోపం.

నకిరేకల్‌లో నాకు ఇల్లు దొరకలేదు. ఎవరి పిల్లవు అని అడిగేవాళ్లు, నేను దాచకుండా చెప్పేదాన్ని, వాళ్లు తలుపేసుకునేవాళ్లు. చివరికి ఒక ముస్లిం పెద్దాయన ఇచ్చాడు. సర్కారు యునానీ దవాఖానలో ముప్పై ఏళ్లు మందులు కలిపి పించను పుచ్చుకున్న మనిషి. అంగడి వీధి చివర వేరుశనగ కాయ నిలవచేసే పాత కొట్టు ఒకటి ఆయనకు ఉండేది.

"జాగా ఇస్త డాక్టరమ్మా. గని దాంతోపాటు నన్ను గూడ పెట్టుకోవాలె. ఇంట్ల కూసుంటే మోకాళ్లు పట్టేస్తున్నయి" అన్నాడు.

అలా ఇల్లూ కంపౌండరూ ఒకేసారి దొరికారు. అందరం ఆయన్ని కంపౌండర్ సాబ్ అనేవాళ్లం. కొలత గ్లాసు కళ్లకు ఎదురుగా ఎత్తిపట్టి, గీత దగ్గర ఒక్క చుక్క తేడా రానిచ్చేవాడు కాదు. కొట్టుకు సున్నం వేయించి, కిటికీలకు జాలీ కొట్టించి, ఎనిమిది చిన్న నులకమంచాలు అల్లించాం. ఇంక కావలసింది ఒక్క మనిషి. పిల్లలను పట్టుకునే మనిషి.

ఆమె వెతక్కుండానే వచ్చింది. వైశాఖంలో ఒక మధ్యాహ్నం, నెత్తిన తడిగుడ్డ వేసుకుని, వాంతులూ విరేచనాలతో వేలాడిపోయిన రెండేళ్ల పిల్లను భుజాన వేసుకుని, ఆరు మైళ్ల దూరంలోని ఊరి నుంచి నడిచి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. పిల్ల కళ్లు లోపలికి పోయాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత మడతగానే నిలబడింది.

"నీ బిడ్డనా?" అని అడిగాను.

"కాదమ్మా, పక్కింటోళ్లది. తల్లి గడికి వెట్టికి పోయింది. ఇడిసిపెడితే గదా వచ్చేది."

గడి అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. వెట్టి అంటే ఆ ఇంట్లో కూలి లేకుండా చేయాల్సిన చాకిరీ. నాకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. మా అమ్మ నన్ను కడుపుతో ఉండి కూడా వెట్టికి పోయింది.

పిల్ల తొడ చర్మం కింద ఉప్పునీళ్ల సూది వేశాను. తరువాత పలచటి గంజిలో ఉప్పు వేసి చెంచా ఆమె చేతికిచ్చి, కొంచెం కొంచెంగా పట్టమన్నాను. నాలుగు చెంచాలు తాగి పిల్ల కక్కేసింది. మామూలుగా తల్లులు అక్కడితో ఆపేస్తారు. ఈమె మూతి తుడిచి, కాసేపు ఆగి, మళ్లీ ఒక చెంచా పట్టింది. మళ్లీ కక్కింది. మళ్లీ ఆగి, మళ్లీ పట్టింది. మూడు గంటలు ఆ చెంచా కింద పెట్టలేదు. తనకు నీళ్లు కావాలని కూడా అడగలేదు. పొద్దు వాలేసరికి పిల్ల మూత్రం పోసింది. ఆమె కొంగు తడిసిపోతే, "పోసింది! డాక్టరమ్మా, పోసింది!" అని పండగ వచ్చినట్టు అరిచింది.

ఆమె ముగ్గురిని కని ముగ్గురినీ పోగొట్టుకుందనీ, భర్త కూడా లేడనీ ఆ రోజే తెలిసింది.

"అక్కా, నా దగ్గర పనిచేస్తవా?" అన్నాను.

"ఏం పనమ్మా, ఊడ్సుడా?"

"కాదు. మధ్యాహ్నం నుంచి ఏం చేసినవో గదే పని."

చేతిలోని చెంచాను చూసుకుంది. "గిది గూడ పనేనా?" అంది.

ఆ రోజు నుంచి ఆమె మా ఆయమ్మ. వెనక అరలో ఉండేది, ఎప్పుడైనా ఊరికి పోయి తన గుడిసె చూసుకుని వచ్చేది. లెక్క ఇరవై దాటి రాదు. రొప్పుతున్న పిల్ల నిమిషానికి ఎన్ని ఊపిర్లు తీస్తుందో చూడటం ఆమెకు ఎలా నేర్పాలా అని నేను తలపట్టుకుంటే, ఆమే దారి చెప్పింది. గుప్పెడు చింతగింజలు తెచ్చుకుంది. కంపౌండర్ సాబ్ గడియారం పట్టుకుని "షురూ" అనగానే పిల్ల పొట్ట లేచినప్పుడల్లా ఒక గింజ పళ్లెంలో వేసేది. ఆయన "బస్" అనగానే ఆపేది. పళ్లెం చూసి నేను రాసుకునేదాన్ని. ఆరు నెలల్లో ఆమెకు గింజల అవసరం లేకుండా పోయింది. పళ్లెం వైపు చూడకుండానే, "ఇది నిమ్ము అమ్మా, ఎక్కువ తీస్తుంది" అని చెప్పేసేది. ఒక్కసారి కూడా తప్పలేదని అనను గానీ, నాకంటే తక్కువే తప్పింది.

మొదటి గొడవ ఆ మరుసటి ఎండాకాలం వచ్చింది. ఊళ్లో పలుకుబడి ఉన్న ఒక ఇంటి పెద్దమ్మ, కోడలినీ ఏడాది మనవడినీ తీసుకుని సవారీ బండిలో వచ్చింది. పిల్లవాడికి విరేచనాలు. నేను చూసి, గంజి పట్టించమన్నాను. ఆయమ్మ గిన్నె తెచ్చి కోడలి ముందు కూర్చుంది. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. ఏ వాడదే నువ్వు?"

ఆయమ్మ నా వైపు చూసింది. నేను, "దవాఖాన మనిషమ్మా" అన్నాను.

"దవాఖాన మనిషైతే మాత్రం వాడ ఉండదా? అది ముట్టిన గంజి మా పోరడు తాగడు. ఇంకెవరినన్న మంచోళ్లను పెట్టు. లేకుంటే నువ్వే పట్టు."

"నేను పడితే తాగుతడా?"

"నువ్వు డాక్టరమ్మవు గద!"

నా కులం ఆమెకు తెలుసు. వీధి మొత్తానికి తెలుసు. తెల్లకోటు వేసుకున్నంతసేపు తెలియనట్టు ఉండటానికి ఒప్పందం చేసుకున్నారు, అంతే. ఆ ఒప్పందం మీద నేను సంతకం చేయలేదు. కోటు విప్పి కుర్చీ మీద వేశాను.

"ఆమెది ఏ వాడనో నాది గూడ గదే వాడ. నా సూది కావాలె, ఆమె గంజి వద్దంటే ఎట్లనమ్మా? రెండూ కావాలె, లేకుంటే రెండూ వద్దు."

కోడలు ఏడవడం మొదలుపెట్టింది. పిల్లవాడి మీద నాకు పంతం లేదు. గంజి ఎంత పలచగా కాచాలో, ఎంత ఉప్పు వేయాలో, కక్కినా ఎందుకు ఆపకూడదో ఆ కోడలిని పక్కకు పిలిచి రెండుసార్లు చెప్పి, తిరిగి నాకు చెప్పించుకున్నాను. ఆ పిల్లవాడు బతికాడు. కానీ ఆ బండి వెళ్లిపోయాక మా వీధిలోకి ఇంకో సవారీ బండి రావడానికి చాలా కాలం పట్టింది. పెద్ద ఇళ్లవాళ్లు మానేశారు. వాళ్లను చూసి చిన్న ఇళ్లవాళ్లూ మానేశారు. ఎనిమిది మంచాల్లో ఏడు ఖాళీ. ఒక్కోరోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తలుపు దగ్గర కుక్క తప్ప ఎవరూ ఉండేవాళ్లు కాదు.

వారం చూసి కంపౌండర్ సాబ్ గొంతు సవరించుకున్నాడు.

"డాక్టరమ్మా, జర ఆలోచన చేయుండ్రి. ఈమెను తీసేయమని నేననను. రెండు కుండలు పెడుదం. ఇంకో ఆమెను తెద్దం, పెద్దోళ్ల పిల్లలకు ఆమె పడతది. అందరు ఖుషీ."

"అందరంటే ఎవరు సాబ్?"

"ఖాళీ మంచాలకు దవా రాస్తరా మరి?"

"రాస్త. రెండు కుండలు పెట్టిన దినం ఈ తలుపుకు నేనే తాళమేస్త."

ఆయనకు కోపం వచ్చింది. టోపీ పెట్టుకుని నమాజుకు పోయాడు. ఇక రాడేమో అనుకున్నాను. గంట తరువాత వచ్చి, తిన్నగా వెనక అరలోకి పోయి, ఆయమ్మ కుండలోంచి గిన్నెడు గంజి ముంచుకుని నిలబడే తాగాడు. "ఉప్పు తక్కువైంది" అని ఆమెను కసిరి, సీసాలు తుడవడానికి కూర్చున్నాడు.

మంచాలు మళ్లీ నింపింది గొర్రెలవాళ్లు. వానలు మొదలైన వారంలో ఒక గొల్ల అవ్వ గొంగడిలో మనవణ్ణి చుట్టుకుని వచ్చింది. వీళ్లు కూడా మా వాడవాళ్ల చేతి నీళ్లు తాగరు. అవ్వ గడప అవతలే నిలబడి ఆయమ్మనూ ఆమె చేతిలోని గిన్నెనూ మార్చి మార్చి చూసింది. పిల్లవాడు చెయ్యెత్తే ఓపిక కూడా లేకుండా పడి ఉన్నాడు. అవ్వ వాడి మొహం మీద ఊదింది. వాడు కళ్లు తెరవలేదు.

"గంజి ఇయ్యే బిడ్డా, ఇయ్యి" అని మనవణ్ణి ఆయమ్మ ఒళ్లో పెట్టేసింది. "నేను సూడనుపో. అటు తిరిగి కూసుంట."

నిజంగానే గోడవైపు తిరిగి కూర్చుంది. రెండు రోజులకు వాడు లేచి ఏడ్చాడు. మూడో రోజు అవ్వ గోడవైపు తిరగడం మానేసింది. ఆ తరువాత ప్రతి అంగడి రోజూ వచ్చేది, వెంట ఎవరో ఒకరి పిల్లను తెచ్చేది. మందల వెంట ఊరూరా తిరిగేవాళ్లు కాబట్టి మా దవాఖాన పేరు చుట్టుపక్కల ఊళ్లకు వాళ్ల నోటనే పాకింది. శీతాకాలం వచ్చేసరికి ఎనిమిది మంచాలూ నిండి, కింద చాపలు పరిచాం. పిల్లలను కింద పడుకోబెట్టను అని వచ్చినదాన్ని, నాకే సిగ్గేసి, ఇంకో నాలుగు మంచాలు అల్లించాను.

అప్పుడు గడి నుంచి మనిషి వచ్చాడు.

ఆయమ్మ ఊరు ఏ దొర కిందదో ఆ దొర ఇంట్లో పెండ్లి. పదిహేను రోజులు బియ్యం దంచడానికీ పసుపు కొట్టడానికీ వాడలో ఇంటికొక ఆడమనిషి రావాలి. గుడిసె ఉంది కాబట్టి ఆయమ్మా ఒక ఇల్లే. వచ్చినవాడు దొర దగ్గర పనులు పురమాయించే మనిషి, చేతిలో పొన్నుకర్ర. నేను ఒక పిల్లవాడి గొంతు చూస్తున్నాను.

"నడువ్" అన్నాడు ఆమెతో, నన్ను చూడనట్టే.

"ఆమె నా నౌకర్. నేను సెలవియ్యలే" అన్నాను.

"సెలవు నువ్విచ్చుడేంది? దొర పిలిచిండు."

అప్పుడు నా లోపల చాలా రోజులుగా ఉన్నది బయటికి వచ్చింది. "ఒక్కటి చెప్పు. ఈమె చెయ్యి తగిలితే పసిపోరని గంజి మైలపడతదంటరు. మరి అదే చెయ్యి దంచిన బియ్యం గడిల పెండ్లికి ఎట్ల పనికొస్తయి? దొరనడిగి వచ్చి చెప్పు, గప్పుడు మాట్లాడుదం."

వాడు కర్ర నేలకు కొట్టి, "నిన్ను గూడ పిలిపిస్తడు సూడు" అని పోయాడు. రెండో రోజు మళ్లీ వచ్చాడు. నన్ను గడికి రమ్మని దొర కబురు.

"తలుపు మీద ఏం రాసున్నది? పన్నెండేండ్లు దాటినోళ్లను నేను చూడ. మీ దొరకెన్నేండ్లు?"

అంగడికి వచ్చి అక్కడే ఉన్న గొల్ల అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వే మమ్మల్ని ఎక్కువ ముంచిందని కంపౌండర్ సాబ్ తరువాత చాలాసార్లు అన్నాడు. కావచ్చు. నాకు మాత్రం ఆ మాట అన్నందుకు ఈనాటికీ విచారం లేదు.

నాలుగో రోజు ఠాణాకు పెద్ద అయిన పోలీసు అమీను ఇద్దరు జవాన్లతో వచ్చాడు. నా పట్టా గోడ మీద ఉంది, హైదరాబాదులో దాఖలు చేయించుకున్న కాగితం దాని పక్కనే ఉంది. రెండూ ఇంగ్లీషులో ఉన్నాయి, ఉర్దూ తర్జుమా లేకుండా చెల్లవు అన్నాడు. తర్జుమా వచ్చేదాకా దవాఖాన బందు. తాళం, లక్క ముద్ర తెచ్చుకునే వచ్చాడు. లోపల పదకొండు మంది పిల్లలున్నారు.

"మంచాలు బయటికి తెచ్చుకుంట. అటెన్క వేసుకో నీ తాళం" అన్నాను.

మేం ముగ్గురం, తల్లులూ కలిసి ఒక్కో మంచం బయటికి మోశాం. మందుల బీరువా ముట్టనివ్వలేదు. అందరికంటే చివర ఆయమ్మ గంజికుండ చంకన పెట్టుకుని, ఉప్పు సీసా కొంగున ముడివేసుకుని వచ్చింది. జవాను ఆపాడు.

"ఇది దవా గాదయ్యా, గంజి. దీనికి గూడ తర్జుమా గావాల్నా?" అంది.

అమీను మొహం తిప్పుకుని పోనివ్వమన్నాడు.

రోడ్డుకు అవతల అంగడి రోజున బండ్లు ఆపుకునే పొడుగాటి కొట్టం ఉండేది. పైకప్పు తప్ప గోడలు లేవు. మంచాలు అందులో వేశాం. చలిగాలి కొడుతుంటే గొర్రెలవాళ్లు గొంగళ్లు తెచ్చి వాసాలకు చుట్టూ వేలాడదీశారు. గొర్రెల వాసన, లోపల వెచ్చదనం. నా దగ్గర మెడలో గొట్టం, సంచిలో రెండు సూదులు, కొన్ని మాత్రలు, కుండలో గంజి. అవే మందులు. పిల్లలు ఎప్పటిలాగే వచ్చారు. కానీ కోరింత దగ్గు ఊళ్లలో మొదలైంది. బీరువాలో ఉన్న మందు బీరువాలోనే ఉండిపోయింది. అయిదో రోజున ఒక ఆడపిల్ల దగ్గి దగ్గి నీలమై నా చేతుల్లో పోయింది. మందు ఉన్నా పోయేదేమో. నాకు తెలియదు. తెలియకపోవడమే ఎక్కువ బాధ.

ఆ పిల్లను పంపించి వచ్చాక ఆయమ్మ నా పక్కన కూర్చుంది.

"నేను పోత డాక్టరమ్మా. పదిహేను దినాలే గదా. దంచి వస్త. తాళం తీస్తరు."

నిజం చెబుతాను. ఆ మాట వినగానే నాకు ఊపిరి తీసుకున్నట్టయింది. ఒక్క క్షణం, పో అక్కా అనబోయాను. అలా అనిపించినందుకు మరుక్షణమే నా మీద నాకే అసహ్యం వేసింది.

"పొమ్మని నేననను. ఉండమని గూడ అనను. నీ కాళ్లు నీవి. నువ్వేది చేసినా ఈ పని నీదే" అన్నాను.

ఆమె లేచి కొట్టం చివరిదాకా నడిచింది. ఒక పిల్లవాడికి దగ్గు తెర వచ్చింది. పోయి వాణ్ణి ముందుకు వంచి పట్టుకుంది. దగ్గు ఆగేదాకా వీపు నిమిరింది. వాడి మూతి తుడిచి, నా వైపు తిరిగి, అందరికీ వినబడేట్టు అంది:

"పోను. నేను పోతే మల్ల సారి నీ పేరు రాసుకొస్తరు, ఆ మీద ఈ తల్లుల పేర్లు. సచ్చినా పోను."

ఆ మాట విని కంపౌండర్ సాబ్ కలం తీశాడు. ఉర్దూలో ఆయన రాత ముత్యాల్లా ఉండేది. తాళం పడేముందు గోడ మీంచి తీసుకున్న నా కాగితాలకు తర్జుమా రాశాడు. వెట్టి చేయించరాదని సర్కారు ఫర్మానా ఉందని గుర్తుచేస్తూ, జిల్లాకు పెద్ద అధికారి అయిన తాలూక్‌దారుకు ఒక దరఖాస్తు రాశాడు. దాన్ని తీసుకుని మేం నల్లగొండకు బయలుదేరాం. మేమంటే మేం ముగ్గురమే కాదు. దగ్గు పిల్లలను వదిలి నేను పోలేను, నేను లేకుండా తల్లులు ఉండలేమన్నారు. బస్సులో ఎక్కిస్తే దగ్గు ఇంకొకరికి అంటుకుంటుంది. అందుకని మూడు బండ్లు కట్టించాం. మిగతా పిల్లలు అప్పటికి తేరుకుని ఇళ్లకు పోయారు. బండ్లలో ఎనిమిది మంది దగ్గు పిల్లలు, వాళ్ల తల్లులు, గొల్ల అవ్వ.

ఆయన కచేరీలో, కాగితాలు చూసే పేష్కారు దరఖాస్తు అందుకుని, వచ్చే నెల రమ్మన్నాడు. సరే, కూర్చుంటాం అని వరండాలో చాపలు పరుచుకున్నాం. పావుగంట కాకుండానే ఒక పిల్లకు తెర వచ్చింది. కోరింత దగ్గు విన్నవాళ్లకు తెలుసు, చివర కోడి కూసినట్టు ఊపిరి లోపలికి లాగుతారు. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకుంటారు. ఎనిమిది మందీ దగ్గుతుంటే లోపల గుమాస్తాలకు ఎవరి మాట ఎవరికీ వినబడలేదు. పేష్కారు బయటికి వచ్చి గద్దించాడు.

"ఇది అంటుకునే దగ్గు. మీ ఇండ్లల్ల పసిపిల్లలుంటే మీరు జర దూరం నిలబడుండ్రి" అన్నాను. ఉన్న మాటే చెప్పాను. వాళ్ల పిల్లలను కూడా పిల్లలుగానే చూసి చెప్పాను.

గుమాస్తాలు ఒక్కొక్కరే కలాలు వదిలి వెనక వాకిట్లోకి పోయారు. చివరికి తాలూక్‌దారే చేతిరుమాలు మూతికి పెట్టుకుని బయటికి వచ్చాడు. దరఖాస్తు నిలబడే చదివాడు. తర్జుమా చేతిరాత ఎవరిదని అడిగాడు. కంపౌండర్ సాబ్ వంగి సలాం చేశాడు. తరువాత ఆయమ్మను చూపించి, ఈమె ఎవరని ఉర్దూలో అడిగాడు. కంపౌండర్ సాబ్ నోరు తెరిచేలోగా ఆమే తెలుగులో చెప్పింది.

"పిల్లల దవాఖాన నౌకర్ను. పిల్లలకు గంజి పడత, ఊపిర్లు లెక్కపెడత."

తాలూక్‌దారు అక్కడే నిలబడి హుకుం రాయించాడు. తాళం తీయాలి, నా పట్టా చెల్లుతుంది. వెట్టి సంగతి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. అడిగాను. విననట్టే లోపలికి పోయాడు.

తాళం తీశారు. ఆ వారంలోనే ఆయమ్మ గుడిసె పడగొట్టారు. దూలాలు కూడా మిగల్చలేదని కబురు వచ్చింది. ఆమె పోయి చూసి, రుబ్బురోలు ఒక్కటి బండి మీద వేయించుకుని తిరిగి వచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "ఇగ ఆ ఊళ్లె నాకు ఇల్లు లేదు. ఇంటికొక్కరంటే నేనెట్ల లెక్కకొస్త?" అంది. కంపౌండర్ సాబ్ దవాఖాన వెనక జాగాలో ఆమెకు రెండు అరల ఇల్లు కట్టించాడు. పెద్ద ఇళ్లలో కొందరు మళ్లీ వచ్చారు, కొందరు ఎన్నటికీ రాలేదు. రాని వాళ్లకోసం నేను ఏమీ మార్చలేదు.

పెండ్లి అయిపోయిన నెలకు ఆయమ్మ వాడ నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఒకామె చేతులకు పసుపు ఇంకా పూర్తిగా పోలేదు. దవాఖాన గడపలో నిలబడి, ఒకరినొకరు ముందుకు తోసుకుంటూ, చివరికి పసుపు చేతులామె అంది:

"మేం గూడ వెట్టికి పోమని చెప్పి వచ్చినమమ్మా. మాకు గూడ గీ పని నేర్పుతవా?"

నాకు ఇంకా కావలసింది ఒక్క మనిషే. ఇద్దరినీ పెట్టుకున్నాను.